ఇంటి మరమ్మతుకు అప్పా, దాచిన డబ్బా? పన్ను లెక్కలో ఏది మేలు?

2023 జులైలో హనుమకొండ నయీంనగర్ నాలా పొంగినప్పుడు మా బావ ఇంట్లో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. నీళ్లు పోయాయి గానీ చెమ్మ గోడల్లోనే ఉండిపోయింది. ఇప్పుడు గోటితో గీకితే చాలు, గిలాబు పెచ్చులుగా రాలుతుంది. అంతా చెక్కి మళ్లీ గిలాబు చేసి, రంగులు వేసి, వెనక కొత్తగా ఒక స్నానాల గది కట్టడానికి మేస్త్రీ ఐదు లక్షలు చెప్పాడు. "లోను తీసుకుంటే పన్ను తగ్గుతుందట. ఫిక్స్‌డ్ డిపాజిట్ ఎందుకు కదపాలి?" అన్నాడు బావ. కాగితం, పెన్ను తీశాం.

లోను వడ్డీ 9.5 శాతం అనుకుంటే మొదటి ఏడాది దాదాపు 46 వేలు. సొంతంగా ఉంటున్న ఇంటి మరమ్మతు అప్పు మీద పాత పన్ను విధానంలో ఏడాదికి 30,000 వడ్డీకే మినహాయింపు. 1961 ఆదాయపు పన్ను చట్టం సెక్షన్ 24(బి)లో అందరూ చెప్పుకునే రెండు లక్షల వడ్డీ హద్దు ఇల్లు కొనడానికో కట్టడానికో తీసుకున్న అప్పుకు. ఈ 30,000 ఆ రెండు లక్షల్లోకే వస్తుంది, అదనం కాదు. ఇక మరమ్మతు అప్పులో అసలు సొమ్ము తీర్చినందుకు, అదే చట్టంలో పొదుపులకు మినహాయింపునిచ్చే 80సి కింద ఏమీ రాదు. బావది 20 శాతం శ్లాబు కనుక సెస్సుతో కలిపి మిగిలేది 6,240. అంటే లోను నికర ఖర్చు 39,760.

అదే ఐదు లక్షలు డిపాజిట్ నుంచి తీస్తే, 6.5 శాతం లెక్కన పోయే వడ్డీ 32,500. దాని మీదా పన్ను ఉంది కాబట్టి నిజంగా పోయేది 25,740. తేడా పద్నాలుగు వేలు, అదీ డిపాజిట్ వైపే. కొత్త విధానంలోనైతే సొంత నివాసానికి ఆ 30,000 కూడా లేదు. అందులో ఉంటే లోను మాటే ఎత్తనక్కర్లేదు.

పై అంతస్తు అద్దెకిచ్చినవారి సంగతి వేరు. ఇంటి పన్ను పోగా మిగిలిన అద్దెలో 30 శాతం, సున్నం వేసినా వేయకపోయినా, ఏ విధానంలోనైనా తగ్గుతుంది. ఆ భాగం మీద పెట్టిన అప్పు వడ్డీకి 30,000 హద్దు లేదు. కొత్త విధానంలో మాత్రం అద్దె మించి నష్టం వస్తే దాన్ని జీతంలోంచి తగ్గించుకోలేరు.

బావ అసలు అడగని లెక్క ఇంకోటి ఉంది. రేపెప్పుడైనా ఇల్లు అమ్మితే, స్నానాల గది ఖర్చు ఇల్లు కొన్న ధరకు కలిసి, పన్ను పడే లాభం ఆ మేరకు తగ్గుతుంది. దానికి లక్షన్నర అయితే, లాభం మీద 12.5 శాతం చొప్పున 18,750 పన్ను తగ్గినట్టే. గిలాబు, రంగులు మామూలు మరమ్మతు, అవి కలవవు. కలవాలంటే బిల్లు కావాలి.

"ఉంది కదా" అంటూ బావ లోపలి నుంచి తెచ్చాడు. పాత క్యాలెండరు కాగితం వెనక మేస్త్రీ పెన్సిలుతో రాసిన అంకెలు. సంతకం లేదు, తేదీ లేదు.

"ఇది బిల్లు కాదు బావా" అన్నాను.