షిగరాకికి వెళ్తే ఒక రాత్రి ఉండండి

షిగరాకి జపాన్‌లో మట్టి పాత్రలకు పేరున్న ఊరు. క్యోటో నుంచి పొద్దున వెళ్లి సాయంత్రానికి వచ్చేద్దామని బయల్దేరినవాళ్లం, చివరికి అక్కడే ఆగిపోయాం. కుసత్సులో ఒకసారి, కిబుకావాలో ఇంకోసారి రైలు మారాలి. కిబుకావా నుంచి వెళ్లే చిన్న రైలు దాదాపు గంటకొకటే. మాకు రెండు నిమిషాల్లో తప్పిపోయింది. టైమింగ్స్ ముందే చూసుకోండి.

జపాన్‌లో ‘ఆరు ప్రాచీన బట్టీలు’ అని పేరుపడ్డ ఊళ్లలో షిగరాకి ఒకటి. స్టేషన్ దిగగానే టోపీ పెట్టుకున్న టనుకి (రకూన్‌లా ఉండే అక్కడి అడవి జంతువు) మట్టి బొమ్మలు కనిపిస్తాయి. చాలామంది వాటితో ఫొటోలు దిగి వెళ్లిపోతారు. నేను వెళ్లింది మట్టి కోసం.

1990లో తెరిచిన సిరామిక్ పార్కుకే మా రోజంతా ఇచ్చేశాం. దేశదేశాల కళాకారులు ఇక్కడ కొన్నాళ్లు ఉండి పనిచేస్తారు. చెట్ల మధ్య మనిషిని మించిన మట్టి శిల్పాలు. ఇక్కడి మట్టిలో తెల్లటి ఫెల్డ్‌స్పార్ అనే ఖనిజం పలుకులుంటాయి. సొరంగంలా ఉండే అనగామా బట్టీలో రోజుల తరబడి కట్టెలు మండితే, ఎగిరిన బూడిద కుండ మీద పడి, కరిగి, పచ్చటి గాజులా జారుతుంది. పైన ఏ పూతా పూయక్కర్లేదు.

బట్టీల సందుల్లో ఒక చిన్న వర్క్‌షాప్‌లో టీ గిన్నె చేతిలోకి తీసుకున్నాను. ఒక పక్క పలుకు ఉబికి, చుట్టూ మట్టి నక్షత్రంలా పగిలి ఉంది. దీన్ని ‘ఇషిహజే’ అంటారు, రాయి పేలడం అన్నమాట. జపనీస్ టీ వేడుకల పాత గురువులు మెచ్చిన ఈ పగులునే గిఫులో పనిచేసే సిరామిక్ కళాకారుడు తకురో కువాటా పెద్దది చేసి, రంగులు, బంగారం పూసి, గిన్నె బద్దలైపోతుందా అన్నంత దూరం తీసుకెళ్లాడు. ఆయన పని ఫొటోల్లో చూసినప్పుడు ఆర్భాటం అనిపించేది. ఈ చిన్న పగులు వేలికి తగిలాక అభిప్రాయం మార్చుకున్నాను.

బస పాత చెక్క ఇంట్లో. పరుపులు నేల మీదే, బాత్‌రూమ్ అందరికీ ఒకటే. రాత్రి భోజనం ముందే చెప్పలేదు, ఊళ్లో హోటళ్లు అప్పటికే మూసేశారు. కన్వీనియన్స్ స్టోర్ అన్నం ముద్దలతో సరిపెట్టుకున్నాం. అయినా పొద్దున్నే మంచులో తడిసిన, వాలు మీద మెట్లలా కట్టిన బట్టీలు చూడాలంటే రాత్రి ఉండాల్సిందే.

ఆర్కిటెక్ట్ ఐ. ఎం. పేయ్ కట్టిన మిహో మ్యూజియం కూడా దగ్గరే. సొరంగం దాటి వెళ్లే దారి అద్భుతం, కానీ లోపల ఎక్కువగా ప్రాచీన వస్తువులే. ఒక్కరోజే ఉంటే పార్కుకే వెళ్లండి, సోమవారం మాత్రం వద్దు, సెలవు. చిన్న షాపుల కోసం నోట్లు దగ్గరుంచుకోండి. ఆ గిన్నె కొన్నాను. అడుగు గరుకుగా ఉంటుంది, టేబుల్ మీద పెట్టేటప్పుడు కింద గుడ్డ వేస్తున్నాను.