గడ్డకట్టే పైపుకు హీటింగ్ కేబుల్: కొనొచ్చా?

మంచు తుఫాను రోజుల్లో బోరు నుంచి ఇంటికొచ్చే పైపును ఈ కేబుల్ బాగానే కాపాడుతుంది, బిగింపు కుదిరితే. పైపు కింది వైపు పొడవునా ఆనించి, అడుగుకోచోట ఫైబర్‌గ్లాస్ టేపు చుట్టాలి. థర్మోస్టాట్ బుడిపె పైపుకు అంటుకునే ఉండాలి. వేలాడితే దానికి పైపు చలి తెలియదు. సాధారణంగా 3 డిగ్రీల దగ్గర ఆన్ అవుతుంది. పైన అరంగుళం ఫోమ్ తొడుగు లేకపోతే వేడంతా గాలిపాలే.

ఖరీదైనా సెల్ఫ్ రెగ్యులేటింగ్ రకమే (చలిని బట్టి తన వేడిని తానే సర్దుకునేది) తీసుకోండి. మామూలు రకం తనమీద తానే పడినచోట మాడిపోతుంది, నిప్పు కూడా అంటుకోవచ్చు.

అసలు లోపం వేరే. కరెంటు పోతే ఇది ఉత్త తీగ. తుఫానులో ముందు పోయేది కరెంటే కదా! మోటారూ ఆగుతుంది కాబట్టి నీళ్లు గడ్డకట్టకుండా కుళాయి సన్నగా వదిలినా ఎంతోసేపు సాగదు. మెయిన్ వాల్వ్ కట్టేసి, అన్నిటికన్నా కిందున్న కుళాయి తిప్పి లైను ఖాళీ చేయాల్సిందే.