ఇంట్లో రోలర్‌తో కారుకి రంగు: నెల్లూరు ఉప్పుగాలిలో నాలుగేళ్ల వాడకం తర్వాత

బండి 2003 మోడల్ మారుతి 800, తెలుపు. రంగు వేసింది 2021 ఫిబ్రవరిలో, నెల్లూరులో ఇంటి ముందు రేకుల పంచలో. వాడింది మామూలు సింథటిక్ ఎనామిల్, తలుపులకీ గ్రిల్లులకీ వేసే రకమే. నాలుగంగుళాల ఫోమ్ రోలర్‌తో మొత్తం ఆరు కోట్లు. సామాన్లకైన ఖర్చు 4,000 రూపాయల చుట్టూ. అదే పనికి ఆటోనగర్ షెడ్డులో 30,000 పైన అడిగారు. పని తొమ్మిది రోజులు సాగింది. అందులో రోలర్ చేతిలో ఉన్నది ఆరేడు గంటలే. మిగతాదంతా గీకడం, రుద్దడం, కడగడం, ఆరబెట్టడం.

ముందు తేల్చేస్తాను: పదడుగుల దూరం నుంచి చూస్తే షెడ్డు పెయింటుకీ దీనికీ తేడా తెలీదు. రెండడుగుల నుంచి చూస్తే తెలుస్తుంది. తుప్పు మొదలైన, అమ్మితే పెద్దగా ధర రాని బండికి ఇది చాలు. మంచి ధర పలికే బండికి వద్దు. మెటాలిక్ రంగు బండికి అసలే వద్దు. రోలర్ కింద మెటాలిక్ రేణువులు ఒక వరసలో పడవు, మచ్చలు మచ్చలుగా కనిపిస్తుంది.

ఈ పద్ధతి గురించి మాట్లాడేవాళ్లంతా రోలర్ గురించే మాట్లాడతారు. నాలుగేళ్లలో ఈ బండి మీద పాడైన ఏ చోటూ రోలర్ వల్ల పాడవలేదు. బొబ్బలు లేచి తుప్పు పట్టిందంతా కింద మిగిలిపోయిన ఉప్పు వల్ల.

నెల్లూరు నుంచి సింగరాయకొండ దాకా సముద్రం వైపు ఊళ్లలో బోరు నీళ్లు చాలాచోట్ల ఉప్పగా ఉంటాయి. వాటర్ పేపరుతో (నీళ్లలో తడిపి రుద్దే గరుకు కాగితం) రుద్దేటప్పుడు ఆ నీళ్లే వాడి, ఆ నీళ్లతోనే కడిగి ఆరబెడితే, రేకు మీద కంటికి కనపడని ఉప్పు పొర మిగులుతుంది. దాని మీద రంగు వేస్తే మొదట ఏమీ తెలీదు. వానాకాలంలో గాలిలోని తేమని ఆ ఉప్పు రంగు పొర గుండా లాక్కుంటుంది. ఆవగింజంత బొబ్బలు లేస్తాయి. గిల్లితే లోపల నీటిచుక్క, దాని కింద తుప్పు. ఈ బండికి ఎడమ వైపు రెండు డోర్లు బోరు నీళ్లతో కడిగినవి, మిగతాదంతా చివరి కడుగు మంచినీళ్లతో. రెండో ఏడు నవంబరు వానలకి ఎడమ డోర్ల కింది భాగంలో బొబ్బలు వచ్చాయి, మిగతా బండి మీద ఒక్కటీ లేదు. ఇరవై లీటర్ల మినరల్ వాటర్ క్యాను రెండు తెచ్చుకుంటే మొత్తం బండికి చివరి కడుగు అయిపోతుంది. ఈ పనిలో ఇంతకంటే లాభసాటి ఖర్చు ఇంకొకటి లేదు.

కనిగిరి, పొదిలి వైపు వాళ్లకి తుప్పు బాధ తక్కువ, ఎండ బాధ ఎక్కువ. చీమకుర్తి రోడ్ల మీద తిరిగే బండి మీద గ్రానైట్ దుమ్ము ఉంటుంది. దాన్ని పొడిగుడ్డతో తుడిస్తే గీతలు పడతాయి. ముందు నీళ్లు కొట్టాకే చెయ్యి వెయ్యాలి.

ఇక తుప్పు. మారుతి 800లో వెతకాల్సిన చోట్లు: చక్రాల పైన మడ్‌గార్డు లోపలి అంచు, డోర్ల అడుగున నీళ్లు పోయే రంధ్రాలు, బ్యాటరీ కింది పళ్లెం, వెనక అద్దం రబ్బరు కింద, జాకీ పెట్టే చోటు. స్క్రూడ్రైవరుతో పొడిచి చూడండి. లోపలికి దిగిపోతే అది లప్పం పెట్టే చోటు కాదు, టింకరింగ్ షాపులో రేకు అతికించాల్సిన చోటు. చిల్లు మీద లప్పం పెడితే వెనక నుంచి తేమ వచ్చి ఏడాదిలో ముద్దగా ఊడి పడుతుంది. గట్టి రేకు ఉన్నచోట వైర్ బ్రష్‌తో మెరిసేదాకా గీకి, గుంటల్లో మిగిలిన దానికి ఫాస్ఫారిక్ యాసిడ్ ఉన్న రస్ట్ రిమూవర్ రాసి, కడిగి, వెంటనే ఆరబెట్టాలి. కోస్తా గాలిలో కడిగిన రేకు గంటలో మళ్లీ ఎర్రబారుతుంది. కాబట్టి ఒకేసారి బండి మొత్తం గీకి పెట్టుకోవద్దు. గీకినంత మేర ఆ పూటే, గుంటలుంటే లప్పం పెట్టి రుద్దాక, ప్రైమర్ పడిపోవాలి.

ఇక లప్పం వరస, చాలామంది తప్పు చేసేది ఇక్కడే. హార్డెనర్ కలిపే పాలిస్టర్ లప్పం రెడ్ ఆక్సైడ్ ప్రైమర్ మీద పెట్టకూడదు, గరుకు చేసిన ఉత్త రేకు మీద పెట్టాలి. రెడ్ ఆక్సైడ్ మీద పెడితే కింది ప్రైమర్ మెత్తబడి రెండూ కలిసి లేచిపోతాయి. హార్డెనర్ నూటికి రెండు పాళ్లు. అంటే 100 గ్రాములకి 2 గ్రాములు. ఎక్కువ వేస్తే త్వరగా ఆరుతుందనుకుంటే రేకు మీద పెట్టేలోపే డబ్బా మూతలోనే గట్టిపడుతుంది. పైగా మిగులు హార్డెనర్ తెల్లరంగులోంచి పసుపు మచ్చగా బయటికొస్తుంది. ఇంకో మాట, లప్పం నీళ్లు పీలుస్తుంది. అందుకని దాన్ని 80, 120, 180 నంబరు పేపర్లతో పొడిగానే రుద్దాలి, మాస్కు కట్టుకుని. నీళ్ల రుద్దుడు ప్రైమర్ పడ్డాకే. గుంట పూడిందా లేదా అన్నది కళ్లు మూసుకుని అరచేత్తో తడిమి చూసుకోండి, కంటికి అందనిది చేతికి తగులుతుంది.

ఫ్యాక్టరీ రంగు గట్టిగా ఉన్నచోట దాన్ని పూర్తిగా లేపొద్దు. అంతకంటే మంచి ప్రైమర్ మీరు ఇంట్లో వెయ్యలేరు. 400 నంబరు వాటర్ పేపరుతో నిగనిగ పోయేదాకా రుద్దితే చాలు. పేపర్ని పావుగంట నానబెట్టి, రబ్బరు ముక్కకి చుట్టి రుద్దండి. వేళ్లతో నేరుగా రుద్దితే వేళ్ల గాడులు రంగు పడ్డాక ఎండలో కనిపిస్తాయి. రుద్దడానికి ముందే బండిని షాంపూతో రెండుసార్లు కడిగి, టర్పెంటైన్ గుడ్డతో తుడవాలి. డాష్‌బోర్డుకీ టైర్లకీ కొట్టే మెరుపు స్ప్రేలలో సిలికాన్ ఉంటుంది. అది అంటిన చోట రంగు నిలవక పక్కకి జరిగి చిన్న చిన్న గుండ్రటి గుంటలు పడతాయి. అలా పడితే మీద ఇంకో కోటు వేసి ప్రయోజనం లేదు, రుద్ది తీసి మళ్లీ మొదలుపెట్టాలి.

తెలుపు వేసేవాళ్లకి ఒక చిక్కు ఉంది. రెడ్ ఆక్సైడ్ మచ్చలు నాలుగో కోటు దాకా గులాబీ రంగులో కనిపిస్తూనే ఉంటాయి. ఆ మచ్చల మీద ఒక పూత తెల్ల ప్రైమర్ వేస్తే రెండు కోట్ల పెయింటు మిగులుతుంది.

పెయింటు కలపడం: లీటరుకి 150 మిల్లీలీటర్ల మినరల్ టర్పెంటైన్‌తో మొదలుపెట్టి చిక్కటి మజ్జిగలా వచ్చేదాకా. ఎన్‌సీ (నైట్రోసెల్యులోజ్) థిన్నర్ వద్దు. అది రోలర్ ఫోమ్‌నీ పాడుచేస్తుంది, కింది కోటునీ ముడతలు పెడుతుంది. కలిపాక పాత నైలాన్ చీర ముక్క రెండు మడతలు వేసి వడపోయండి. ట్రేలోకి 200 మిల్లీ మించి పొయ్యొద్దు, డబ్బా మూత వేసి ఉంచండి. మన వేడికి టర్పెంటైన్ ఆవిరై పావుగంటలో చిక్కబడిపోతుంది. ఒక్కో కోటుకి మారుతి 800 మొత్తానికి 400 నుంచి 450 మిల్లీ కలిపిన రంగు పట్టింది. ఆరు కోట్లకి లీటరు డబ్బాలు మూడు కొంటే ఇంకా ముప్పావు డబ్బా మిగిలింది. కోటుకి అరలీటరు దాటుతోందంటే మందంగా వేస్తున్నారని అర్థం. డోర్ల మీద కన్నీటి చారల్లా కారుతుంది.

రోలర్ సన్నని రంధ్రాలున్న గట్టి ఫోమ్‌ది కావాలి. చవక రకం మూడో డోరు దగ్గర జిగురు ఊడి పైపు మీద తిరగడం మొదలెడుతుంది. కోటుకి ఒక రోలర్ లెక్కన ఆరు, చేతిలో ఇంకో రెండు. ముందు టాపు, తర్వాత బానెట్, ఆపైన పక్కలు. ఒక్కో ప్యానెల్ ఒకే ఊపులో పూర్తి చెయ్యాలి. రంగు పరిచాక, దాదాపు ఖాళీ రోలర్‌ని దాని బరువు మీదే ఒకసారి ఒకే దిక్కుగా లాగితే బుడగలు పగులుతాయి. రెండు నిమిషాలు దాటాక ఏ మచ్చ కనిపించినా ముట్టుకోవద్దు. దోమ వాలినా సరే, ఆరనిచ్చి తర్వాత రుద్దుకోవచ్చు. రెండు కోట్లకొకసారి, మధ్యలో ఒక రాత్రి ఆరనిచ్చి, రుద్దుడు: మొదటిసారి 600, రెండోసారి 800. అంచుల మీదా రేకు మడతల మీదా మాత్రం తేలిగ్గా, లేకపోతే ప్రైమర్ బయటపడుతుంది.

ఏ నెలలో వెయ్యాలన్నది ఎక్కడో చలిదేశాల వాళ్ల వీడియోలు చూసి నిర్ణయించుకోవద్దు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మనకి ఈశాన్య రుతుపవనాల వానలు. జనవరిలో ఉదయం మంచు పడుతుంది, తడి పొర మీద మంచు పడితే మెరుపు చచ్చి బూడిద రంగు తేలుతుంది. మార్చి రెండో సగం నుంచి వరికోత మిషన్ల దుమ్ము, రాత్రిళ్లు లైటు చుట్టూ సుడిదోమ. ఏప్రిల్ తర్వాత రేకు చెయ్యి పెట్టలేనంత కాలుతుంది, రంగు పరుచుకునేలోపే బిగుసుకుని నారింజ తొక్కలా గరుకు తేలుతుంది. మిగిలింది ఫిబ్రవరి నెల, మార్చి మొదటి సగం. రేకు పూర్తిగా ఆరాక, తొమ్మిది నుంచి పన్నెండు లోపల, నీడలో. సాయంత్రం కోటు వెయ్యొద్దు.

పైకి ఒక రోజులో ఆరినట్టుంటుంది గానీ ఎనామిల్ గాలిలోని ఆక్సిజన్‌తో కలిసి గట్టిపడే రంగు, లోపలిదాకా గట్టిపడటానికి వారాలు పడుతుంది. డోరు లోపలి మూలన గోరుతో నొక్కితే గాటు పడకూడదు, అప్పుడే చివరి రుద్దుడు. ఈ బండికి నాలుగు వారాలు ఆగి 1000, 1500, 2000 పేపర్లు, తర్వాత మెరుపు తెచ్చే రబ్బింగ్ కాంపౌండ్. పదో రోజే కాంపౌండ్ పట్టిన డిక్కీ డోరు మీద మసక చారలు ఇప్పటికీ పోలేదు.

నాలుగేళ్ల తర్వాత ఎలా ఉందంటే: టాపు, బానెట్ పద్నాలుగు నెలలకే మెరుపు తగ్గాయి. వేలితో రాస్తే సుద్దపొడిలా అంటుతుంది. ఏడాదికి రెండుసార్లు కాంపౌండ్ పట్టి వాక్స్ రాస్తే మళ్లీ వస్తుంది. కానీ ప్రతిసారీ కొంత పొర పోతుంది గనక ఇంకో మూడు నాలుగుసార్లకే సరిపడా రంగు మిగిలింది. పక్కలు బాగున్నాయి. డోర్ల లోపలి వైపు, ఎండ తగలని చోట, పసుపు తిరిగింది. తెల్ల ఎనామిల్‌కి చీకట్లో ఆ గుణం ఉంది. పెట్రోలు మూత కింద నాలుగంగుళాల మేర ముడతలు పడింది, బంకులో ఒలికిన ప్రతి చుక్కా అక్కడ పనిచేసింది. ఒలకగానే నీళ్లు కొట్టడమే మార్గం. కాకిరెట్ట రెండు రోజులుంటే మచ్చ శాశ్వతం. రాళ్లు తగిలి ముందు అంచున లేచిన పెచ్చులు ఓ పదిహేను. వాటిని అదే డబ్బా రంగుతో సన్న కుంచెతో అద్దితే సరిపోయింది, షెడ్డు పెయింటుకి లేని సౌకర్యం ఇది.

ఎరుపు, ముదురు నీలం వేసేవాళ్లు సుద్ద తేలడం ఇంకా ముందే చూస్తారు. రంగు మారిస్తే ఆర్సీలో కూడా మార్పించుకోవాలి, పదిహేనేళ్లు దాటి రెన్యువల్‌కి తీసుకెళ్లినప్పుడు బండి ఒక రంగు, కాగితం ఒక రంగు ఉంటే తిప్పి పంపుతారు. అందుకే ఉన్న రంగే వెయ్యడం మేలు.

హార్డెనర్ కలిపే పీయూ (పాలీయురెథేన్) రంగు రోలర్‌తో వేస్తే ఇంతకంటే గట్టిగా ఉంటుంది, పెట్రోలుకీ తట్టుకుంటుంది. అయితే అందులోని ఐసోసైనేట్ ఊపిరితిత్తులకి చెడ్డది, మెడికల్ షాపు మాస్కు దాన్ని ఆపదు.

వెయ్యబోయే ముందు ఇంకొకటి తెలిసి ఉండాలి. ఎనామిల్ వేసిన బండిని తర్వాత షెడ్డుకి తీసుకెళ్తే పెయింటరు దాని మీద నేరుగా స్ప్రే కొట్టడు. ఎన్‌సీ, పీయూ థిన్నర్లు తగలగానే ఎనామిల్ ముడతలు పడి లేస్తుంది గనక, మొత్తం రేకు దాకా గీకాలంటాడు, ఆ కూలి విడిగా అడుగుతాడు. ఈ బండికి ఎడమ డోర్లు రెండూ వచ్చే ఫిబ్రవరిలో గీకి మళ్లీ ఎనామిలే వెయ్యాలి, ఈసారి మంచినీళ్లతో కడిగి.