లావా పారిన దారిలో అనంతగిరికి

మహబూబ్‌నగర్ నుంచి అనంతగిరికి పరిగి మీదుగా పోతే త్వరగా చేరతారు. మేం మాత్రం కోస్గి, కొడంగల్, తాండూరు చుట్టుకుని వెళ్లాం. జియాలజీలో ఎమ్మెస్సీ చేస్తున్న మా మేనల్లుడి పట్టుదల అది. "లావా పారిన నేల చూపిస్తా మామా, పెట్రోల్ ఖర్చు నాది" అన్నాడు. చివరికి ఆ ఖర్చు కూడా నాదే అయింది.

కొడంగల్ దాకా మనకు తెలిసిన పాలమూరే: గుండ్లు, చెల్కలు. తర్వాత నేల నల్లబడుతుంది, కంది చేలు మొదలవుతాయి. తాండూరులో నాపరాయి లారీల దుమ్ముకు అద్దాలు దించలేదు. రాళ్ల మీద మోజుంటే తప్ప పిల్లలతో ఈ దారి పట్టకండి.

తాండూరు దాటి వికారాబాద్ వైపు వస్తుంటే రోడ్డు కోసిన గట్టు దగ్గర కారు ఆపించాడు. పైన ఎర్రటి మొరం, కింద ఉల్లిపాయలా పొరలు పొరలుగా ఊడుతున్న నల్లరాయి. గోరుతో గీస్తే పై పొర పొడిగా రాలింది. లోపలి గుండు మాత్రం వాడి సుత్తికి కూడా లొంగలేదు. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కింద దక్కన్‌ను ముంచిన లావా ఇది. పాలమూరు గుండ్లు దాదాపు 250 కోట్ల ఏళ్లవి, వాటి ముందు ఇది నిన్న మొన్నటిది.

"అంటే లావా ఇక్కడిదాకా వచ్చి ఆగిందా?" అంటే తల అడ్డంగా ఊపాడు. అంచు ఎప్పుడో అరిగిపోయిందట, మనం చూసేది అరగ్గా మిగిలిన ముక్కట. పశ్చిమ కనుమల వైపు పుట్టిన లావా అప్పటి నదీలోయలు పట్టుకుని సుమారు 1,000 కిలోమీటర్లు పారి రాజమండ్రి దాకా పోయిందని శాస్త్రవేత్తలు చాలామంది అంటారు.

రాత్రికి వికారాబాద్‌లో లాడ్జి. గది 1,600. దుప్పట్లు శుభ్రం, కుర్రాడు అడక్కముందే మంచినీళ్లు తెచ్చాడు. వేడినీళ్లు ఏడింటికే బంద్. అసలు సంగతి బాత్రూం. బకెట్ ఒంపితే నీళ్లు జాలీ వైపు పోకుండా గడప దాటి మంచం కింద నా చెప్పుల దాకా వచ్చాయి. నేను మేనేజర్‌తో గొడవకు దిగబోతుంటే మావాడు నేల మీద చతికిలబడి నవ్వుతున్నాడు.

"లావా లెక్క కూడా ఇంతే మామా. కంటికి చదునుగానే ఉంటుంది, రెండు మిల్లీమీటర్ల వాలు చాలు." అగ్నిపర్వతం పేలితే లావా ఎటు పారుతుందో ముందే తెలుసుకోవడానికి ఎత్తుపల్లాల మ్యాపు కంప్యూటర్లో పెట్టి, లావా బయటపడే చోటు నుంచి బాగా పల్లం ఎటుందో అటు గీత గీస్తారట. మ్యాపులో ఎత్తులు అంత కచ్చితంగా ఉండవు కాబట్టి, వాటిని కొద్దికొద్దిగా అటూ ఇటూ మార్చి అదే లెక్క వేలసార్లు వేస్తారు. ఎక్కువ గీతలు ఏ వాడ మీదుగా పోతే ఆ వాడకు ముప్పెక్కువ. నీళ్లు పోయాక దారి దారిలాగే ఉంటుంది. లావా గడ్డకట్టి తన దారికి తానే అడ్డుపడుతుంది. అందుకే అది పారుతుండగానే నేలను మళ్లీ మళ్లీ కొలవాలి.

మరి ఎక్కడ బయటపడుతుందో? చిక్కంతా అక్కడేనన్నాడు. ఐస్‌లాండ్‌లో గ్రిండవిక్ ఊరికి అడ్డంగా పెద్ద కట్టలు పోశారు. 2024 జనవరి 14న ఆ కట్ట లావాను చాలావరకు మళ్లించింది. అదే రోజు కట్టకు లోపల, ఊరి అంచునే ఇంకో పగులు తెరుచుకుని మూడిళ్లు కాలిపోయాయి. జనాన్ని అప్పటికే ఖాళీ చేయించారు.

మాకు గది మార్చారు, పైసలు అడగలేదు. ఆ లాడ్జికి పదికి ఆరు.

పొద్దున అనంతపద్మనాభస్వామి దర్శనం పావుగంటలో అయింది. కోతులతో జాగ్రత్త, మా అరటిపళ్ల సంచి పోయింది. ఒక రిసార్టులో ధర అడిగి నోరు మూసుకున్నాం. కోట్‌పల్లి ప్రాజెక్టులో బోటింగ్ క్యూ చూసి వెనక్కి తిరిగాం.

వ్యూ పాయింట్ దగ్గర మాత్రం గంట కూర్చున్నాం. ఈ గుట్టల్లో పడిన వాన ఒకవైపు మూసీ అవుతుంది, ఇంకోవైపు కాగ్నా. హవాయిలో మౌనాలోవా కొండను కూడా ఇలాగే గట్ల వెంబడి భాగాలు చేసి, ఈ పక్కన పగిలితే లావా ఈ వైపుకని ముందే మ్యాపులు గీసి పెట్టుకున్నారట. మావాడు బాటిల్లో మిగిలిన నీళ్లు బండ మీద ఒంపుతూ "ఎటు పోతాయి మామా?" అన్నాడు. తూర్పుకన్నాను. పడమరకు పోయాయి. "కాగ్నా, భీమా, తంగిడి దగ్గర కృష్ణ" అని వేళ్లు ముడిచాడు. తూర్పుకు పోయినా హైదరాబాద్, నల్లగొండ తిరిగి వాడపల్లి దగ్గర అదే కృష్ణలో కలిసేవని నేనన్నాను.

వచ్చేటప్పుడు పరిగి దారే పట్టాం.