పార్కిన్సన్స్‌తో జీవితం ఎలా ఉందో కొలవాలంటే: అయిదు ప్రశ్నలా, ముప్పై తొమ్మిదా?

చెయ్యి ఎంత వణుకుతోందో డాక్టరు చూసి చెప్పగలరు. చారు ఒలుకుతుందని పెళ్లి భోజనాలకు వెళ్లడం మానేసిన సంగతి మాత్రం అడిగితేనే బయటికొస్తుంది. అలా అడిగే ప్రశ్నాపత్రాల్లో ఎక్కువగా వినిపించేవి ఈక్యూ-5డీ, పీడీక్యూ-39.

ఈక్యూ-5డీ ఏ జబ్బుకైనా ఒకటే. నడక, సొంత పనులు, రోజువారీ పనులు, నొప్పి, దిగులు: ఈ అయిదూ అడిగి, 0 నుంచి 100 దాకా ఉన్న గీత మీద ఈరోజు ఆరోగ్యం ఎంతో గుర్తు పెట్టమంటుంది. నిమిషాల్లో అయిపోతుంది. వేర్వేరు జబ్బుల్ని పోల్చి, ఏ చికిత్సకు ఎంత ఖర్చు పెట్టొచ్చో లెక్క వేసేవాళ్లకు ఇదే కావాలి.

చిక్కంతా ఆ 'ఈరోజు' దగ్గరే. మా నాన్న మాత్ర వేసుకున్న గంటకు చొక్కా గుండీలు తనే పెట్టుకుంటారు. మాత్ర పవర్ తగ్గేసరికి రెండో గుండీ దగ్గర వేళ్లు ఆగిపోతాయి. అమ్మ వచ్చి పెడుతుంటే ఆయన గోడవైపు చూస్తారు. ఏ పూట అడిగితే ఆ పూట జవాబే వస్తుంది.

పీడీక్యూ-39 గడిచిన నెలంతా ఎలా ఉందో అడుగుతుంది. 1990ల్లో ఆక్స్‌ఫర్డ్ పరిశోధకులు ఈ జబ్బున్నవాళ్లతోనే మాట్లాడి తయారుచేసినది. ఎనిమిది విభాగాలు. గుండీలు, చేతిరాత, మాట, మతిమరుపు, నలుగురిలో తినడానికి మొహమాటం, అన్నీ ఉంటాయి. ఇక్కడ 0 మేలు, 100 అధ్వానం. ఈక్యూ గీతకు ఇది తలకిందులు, చూసుకోండి.

దీనికీ లోట్లున్నాయి. రాత్రి నిద్ర, లైంగిక జీవితం గురించి అడగదు. కంచంలోది కోసుకోగలరా అంటుంది. మనింట్లో అయితే అన్నం కలిపి ముద్ద పెట్టుకోగలుగుతున్నారా అని కూడా చూడాలి. నీరసంగా ఉన్న మనిషికి 39 ప్రశ్నలంటే టెన్షనే. విభాగానికొకటి చొప్పున ఎనిమిదే ప్రశ్నలున్న పీడీక్యూ-8 ఉంది, మధ్యమధ్యలో చూసుకోవడానికి అది చాలు.

ఇంట్లో మనిషి కోసమైతే నా ఓటు 39కే. మొత్తం స్కోరు చూసి వదిలెయ్యకండి. ఒకే స్కోరు వచ్చిన ఇద్దరిలో ఒకరిని నడక బాధపెడుతుంటే, ఇంకొకరిని సిగ్గు తినేస్తుండొచ్చు. వాళ్ల జవాబులు వాళ్లనే రాయనివ్వండి కూడా.

జబ్బును దాచాల్సి వచ్చిందా అన్న ప్రశ్నకు నాన్న 'ఎల్లప్పుడూ' అని టిక్ పెట్టారు. ఆ నెలంతా కాఫీ సగం గ్లాసు చాలనేవారు. ఆకలి తగ్గిందనుకున్నాం.