మబ్బుతో అయిదేళ్లు: రెండు ఇన్సులిన్లు, మధ్యలో వచ్చిన జబ్బులు

మా పిల్లి పేరు మబ్బు. బూడిదరంగు మగపిల్లి, ఇప్పుడు పద్నాలుగేళ్లు. తొమ్మిదో ఏట మధుమేహం బయటపడింది. ఈ అయిదేళ్లలో రెండు రకాల ఇన్సులిన్లు, మూడు గ్లూకోమీటర్లు, లెక్కకు అందనన్ని సిరంజిలు మా చేతుల మీదుగా వెళ్లాయి. రెండు మందుల మీదా నా అభిప్రాయం చెబుతాను. కానీ ముందే ఒక మాట. మా ఇంట్లో జరిగిన పెద్ద పొరపాట్లకు మందు కారణం కాదు. షుగరు పెరిగిన ప్రతిసారీ మందు చాలడం లేదని అనుకోవడమే కారణం. ఇదంతా రాస్తున్నది ఆ పొరపాటు ఇంకొకరి ఇంట్లో జరగకూడదని.

మొదట అనుమానం వచ్చింది నీళ్ల గిన్నె వల్ల. రోజుకు ఒకసారి నింపే గిన్నెను మూడుసార్లు నింపవలసి వచ్చింది. వాడు మూత్రం పోసే లిట్టరు పెట్టెలో తడి ఉండలు పిడికిలంత అయ్యాయి. ఎంత పెట్టినా ఇంకా కావాలని అరిచేవాడు, అయినా ఏడు కిలోల పిల్లి అయిదున్నరకు దిగిపోయాడు. ఆ తరవాత నడక మారింది. వెనక కాళ్లను మడమల దాకా నేలకు ఆనించి, కుందేలులా కదిలేవాడు. వయసు మీద పడుతోందని సరిపెట్టుకున్నాను. మధుమేహం నరాలను దెబ్బతీసినప్పుడు పిల్లులు అలా నడుస్తాయని అప్పటికి నాకు తెలియదు. ఈ నడక చూసి భయపడుతున్నవారికి ఒక ధైర్యం: మబ్బు విషయంలో షుగరు అదుపులోకి వచ్చాక అయిదు నెలల్లో కాళ్లు నిలబడ్డాయి. కిటికీ గట్టు మీదికి వాడు మళ్లీ ఎగిరిన రోజు తేదీ నా పుస్తకంలో రాసి ఉంది.

ఆసుపత్రిలో తీసిన మొదటి అంకె 410. అంకెలన్నీ డెసిలీటరుకు మిల్లీగ్రాముల లెక్కన చెబుతున్నాను. డాక్టరు గారు ఆ ఒక్క అంకెను నమ్మలేదు. భయపడిన పిల్లికి మధుమేహం లేకపోయినా షుగరు 300 దాటవచ్చు. అందుకే ఫ్రక్టోసమిన్ పరీక్ష చేయించారు. అది గడచిన రెండు మూడు వారాల్లో షుగరు ఎలా ఉందో చెబుతుంది, ఆ పూట కలిగిన బెదురుకు లొంగదు. దానితో సందేహం తీరింది.

మొదటి మందు పంది ఇన్సులిన్‌తో తయారయ్యే లెంటే రకం. మిల్లీలీటరుకు 40 యూనిట్లు ఉండే యు-40 సీసా. పన్నెండు గంటలకు ఒకసారి, ఒక్కొక్క యూనిట్‌తో మొదలుపెట్టాం. సూది వేయడం నేను భయపడినంత కష్టం కాలేదు. వాడు తింటూ ఉండగా పక్కటెముకల మీది చర్మాన్ని గుడారంలా ఎత్తి, సన్నని సూదిని దాని అడుగున దించితే తల కూడా ఎత్తడు. ఇబ్బంది ఒక్కటే: కొన్నిసార్లు సూది చర్మం అవతలి వైపుకు వచ్చేసి మందు బొచ్చులోకి పోతుంది. తడి తగిలి, మందు వాసన వస్తే అదే జరిగిందని అర్థం. ఎంత లోపలికి వెళ్లిందో తెలియనప్పుడు రెండోసారి వేయకూడదు. ఒక పూట షుగరు ఎక్కువగా ఉంటే పిల్లికి ఏమీ కాదు, ఒక గంట మరీ తక్కువైతే ప్రాణం మీదికి వస్తుంది. ఈ ఒక్క వాక్యాన్ని ఫ్రిజ్ తలుపు మీద అతికించుకున్నాను.

చెవి నుంచి రక్తం తీయడం నేర్చుకోవడానికి మాత్రం వారం పట్టింది. చెవి అంచు వెంబడి సన్నని రక్తనాళం ఒకటి ఉంటుంది. దాని పక్కనే గుచ్చాలి. చెవిని ముందుగా వెచ్చని గుడ్డతో రెండు నిమిషాలు పట్టి ఉంచితేనే చుక్క వస్తుంది. వెనక దూది పెట్టకపోతే సూది మన వేలికి దిగుతుంది. మొదటి నాలుగు రోజులు మబ్బు నన్ను చూస్తేనే మంచం కిందికి వెళ్లాడు. గుచ్చిన ప్రతిసారీ వాడికి ఇష్టమైన ముక్క ఒకటి పెట్టడం మొదలుపెట్టాక, వేళకు వాడే వచ్చి కుర్చీ ఎక్కేవాడు. మనుషుల కోసం చేసిన మీటరు పిల్లి రక్తంలో సాధారణంగా అసలు కంటే తక్కువ చూపిస్తుంది. పిల్లి రక్తంలో గ్లూకోజు ఎర్రకణాల్లో కంటే ప్లాస్మాలో చాలా ఎక్కువగా ఉండడమే అందుకు కారణం. అందుకని జంతువుల మీటరుకు మారాను. ఏ మీటరైనా సరే, ఒకదానినే పట్టుకుని ఉండడం ముఖ్యం. రెండు మీటర్ల అంకెలను పోల్చుకుంటూ కూర్చుంటే మతి పోతుంది.

లెంటే గురించి నా అభిప్రాయం: త్వరగా పనిచేస్తుంది, త్వరగా అయిపోతుంది. రెండు గంటలకు ఒకసారి చొప్పున పన్నెండు గంటల పాటు చూసిన రోజు మబ్బు అంకెలు ఇలా ఉన్నాయి: సూదికి ముందు 340, నాలుగో గంటకు 95, ఎనిమిదో గంటకు 260, పన్నెండో గంటకు మళ్లీ 350. నాలుగో గంట అంకె చూస్తే డోసు పెంచడానికి వీల్లేదు, మిగతావి చూస్తే పెంచాలనిపిస్తుంది. చాలా పిల్లుల శరీరంలో ఈ మందు పన్నెండు గంటలు నిలవదు. అయినా మొదటి మూడు నెలల్లో వాడి దాహం తగ్గింది, అరకిలో బరువు పెరిగాడు. చెడ్డ మందు అనను.

మొదటి పెద్ద పొరపాటు నాలుగో నెలలో జరిగింది. రెండు యూనిట్ల మీద కుదురుగా ఉన్న షుగరు ఉన్నట్టుండి రోజంతా 350 పైనే నిలబడింది. డాక్టరు గారితో మాట్లాడి రెండున్నర చేశాం, మూడు చేశాం, ఆరు వారాల్లో నాలుగుకు వెళ్లాం. ఏమీ మారలేదు. సీసా పాడైందేమోనని కొత్తది తెచ్చాం. అప్పుడూ మారలేదు. ఒక సాయంత్రం వాడు తింటూ తల ఒక పక్కకు వంచి, ముక్కను కింద పడేసి, మళ్లీ తీసుకోవడం చూశాను. ఎన్నాళ్లుగా అలా తింటున్నాడో నాకు తెలియదు. నా కళ్లు మీటరు మీదే ఉన్నాయి, వాడి నోటి మీద లేవు. ఎక్స్‌రేలో రెండు పళ్ల కింద చీము కనిపించింది. ఒంట్లో ఎక్కడ చీము పట్టినా, వాపు ఉన్నా ఇన్సులిన్ మాట చెల్లదు. పళ్లు తీసేశాక అదే ఇన్సులిన్ మాట చెల్లడం మొదలైంది, మేమేమో డోసును మూడుకు మాత్రమే తగ్గించి ఊరుకున్నాం.

తొమ్మిదో రోజు మధ్యాహ్నం వాడు వంటింటి గుమ్మంలో తూలుతూ నిలబడి ఉన్నాడు. కళ్లు పెద్దవై ఎటో చూస్తున్నాయి. మీటరులో 41. తేనె వేలికి రాసుకుని చిగుళ్లకు పులిమాను. మింగలేని స్థితిలో ఉన్న పిల్లి నోట్లో ఏదీ పోయకూడదు, చిగుళ్లకు రాయాలి. పది నిమిషాలకు 58, అరగంటకు 80. కొద్దిగా తిన్నాడు. ఆసుపత్రిలో రాత్రంతా ఉంచుకున్నారు. మర్నాడు ఒకటిన్నర యూనిట్లతో ఇంటికి వచ్చాం. ఆ మధ్యాహ్నం నేను ఇంట్లో లేకపోయి ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ ఆలోచించలేను. జబ్బు మొదలైనప్పుడు డోసు పెంచడం అందరికీ గుర్తుంటుంది. జబ్బు తగ్గుతున్నప్పుడు డోసు దింపడం, అదీ రోజూ చెవి చుక్క చూస్తూ దింపడం, నాకు ఎవరూ అంత గట్టిగా చెప్పలేదు.

ఆ తరవాత గ్లార్జీన్‌కు మారాం. లాంటస్ పేరుతో మనుషులు వాడేదే. ఈ మార్పులో అన్నిటికంటే ప్రమాదకరమైనది మందు కాదు, సిరంజి. గ్లార్జీన్ యు-100, అంటే మిల్లీలీటరుకు 100 యూనిట్లు. పాత యు-40 సిరంజిలో ఒక యూనిట్ గీత దాకా తీస్తే రెండున్నర యూనిట్లు వస్తాయి. ఇంట్లో మిగిలిన పాత సిరంజిలన్నీ మార్చిన రోజే సూదుల డబ్బాలో వేసి పంపించేశాను. దాచుకోవద్దు. అర యూనిట్ గీతలున్న చిన్న సిరంజిలు అడిగి తీసుకోండి, పిల్లికి అర యూనిట్ పెద్ద తేడా.

గ్లార్జీన్ ఆమ్లగుణం గల ద్రవం. చర్మం కిందికి చేరాక సన్నని స్ఫటికాలుగా పేరుకుని, మెల్లగా కరుగుతూ రక్తంలోకి వెళ్తుంది. అందుకే దాన్ని దేనితోనూ కలపకూడదు, పలుచన చేయకూడదు. మనుషులు సాధారణంగా రోజుకు ఒకసారి వాడతారు, పిల్లులకు ఎక్కువగా రెండుసార్లు వేస్తారు. పేరుకుని కరిగే మందు కాబట్టి ఇవాళ మార్చిన డోసు ఫలితం పూర్తిగా కనిపించడానికి కొన్ని రోజులు పడుతుంది. ఓపిక లేనివారికి ఇది పరీక్ష. మొదటి వారం అంకెలు చూసి నాకు చెమటలు పట్టాయి, 400 కూడా చూశాను. పదో రోజు నుంచి గీత చదునుగా మారింది: 210, 170, 150, 190. లెంటేలో కనిపించిన కొండా లోయా లేవు. మూడున్నరేళ్లు వాడాక చెబుతున్నాను, మా వాడికి ఇదే సరైన మందు.

దానితో పాటు పిండిపదార్థం చాలా తక్కువగా ఉండే తడి ఆహారానికి మార్చాం. పొడి గుళికలు పూర్తిగా ఆపాం. పిల్లి మాంసాహారి, పిండిని ఖర్చు చేసుకునే శక్తి దాని ఒంటికి తక్కువ. ఆహారం మార్చిన వారంలోనే ఇన్సులిన్ అవసరం తగ్గవచ్చు, కాబట్టి డాక్టరుకు చెప్పకుండా గిన్నె మార్చవద్దు. మబ్బుకు ఒకటి, తరవాత అర యూనిట్, చివరికి ఏమీ అవసరం లేకుండా పోయింది. నాలుగు నెలలు సూది లేకుండా బతికాడు. నేను ఆనందంలో చెవి గుచ్చడం కూడా మానేశాను. అది రెండో పొరపాటు.

ఒక ఉదయం గిన్నె ముట్టుకోలేదు. రెండుసార్లు వాంతి చేసుకున్నాడు, ముడుచుకుని కూర్చున్నాడు. షుగరు 430. ఇన్సులిన్ చాలక ఒళ్లు కొవ్వును కరిగించుకున్నప్పుడు పుట్టే ఆమ్లాలను కీటోన్లు అంటారు. మూత్రంలో ముంచిన కీటోన్ స్ట్రిప్పు ముదురు ఊదారంగుకు తిరిగింది. ఆ రంగు చూశాక ఇంట్లో చేయగలిగింది ఏమీ లేదు, వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. క్లోమ గ్రంథి వాచింది, దాని వెంట కీటోన్లు పెరిగి రక్తం ఆమ్లమైంది. నాలుగు రోజులు సెలైన్, తక్కువసేపు పనిచేసే ఇన్సులిన్, పొటాషియం. ఇన్సులిన్ ఎక్కించగానే పొటాషియం రక్తం నుంచి కణాల్లోకి వెళ్లిపోతుందట, అందుకే గంటగంటకూ చూశారు. వాంతి ఆపే మందు, నొప్పి మందు ఇచ్చి, మూడో రోజు తినిపించారు. పిల్లి రెండు మూడు రోజులు తినకపోతే కాలేయంలో కొవ్వు పేరుకుని ఇంకో ప్రమాదం తెచ్చుకుంటుంది. ఇంటికి వచ్చినప్పుడు మూడు యూనిట్లు కావలసి వచ్చాయి. ఈసారి మాకు తెలుసు. రోజుకు నాలుగుసార్లు చూస్తూ, అయిదు వారాల్లో మూడు నుంచి ఒకటిన్నరకు దింపుకుంటూ వచ్చాం. ఒక్కసారి కూడా 80 కిందికి పోలేదు.

ఆ మరుసటి ఏడాది క్లోమం మళ్లీ కొద్దిగా తిరగబడింది. ఉదయం సగమే తిన్నాడు, షుగరు 260. తినని పూట సూది మొత్తం మానేయాలని అంతకుముందు అనుకునేదాన్ని. కానీ మధుమేహం ఉన్న పిల్లి తినకుండా, ఇన్సులిన్ కూడా లేకుండా ఉంటే కీటోన్లు పుట్టే ప్రమాదం ఎక్కువ. డాక్టరు గారికి ఫోను చేశాను. కీటోన్లు లేవని స్ట్రిప్పు చూసి చెప్పాక సగం డోసు వేయమన్నారు, వాంతి మందు ఇచ్చారు. సాయంత్రానికి తిన్నాడు. ఆసుపత్రిలో ఉండవలసిన అవసరం రాలేదు. అలాంటి పూట ఎంత వేయాలో ఆరోగ్యంగా ఉన్నప్పుడే మీ డాక్టరుతో మాట్లాడి రాసిపెట్టుకోండి. పిల్లి వాంతి చేసుకుంటున్నప్పుడు బుర్ర పనిచేయదు.

చర్మానికి అతికిస్తే షుగరును ఎప్పటికప్పుడు చూపించే సెన్సరు గురించి చాలామంది అడుగుతారు. మేము వాడినదాని మీద పద్నాలుగు రోజులని రాసి ఉంది, మబ్బు ఒంటి మీద ఆరు నుంచి తొమ్మిది రోజులు నిలిచింది. దాని మీద ఒత్తిగిలి పడుకుంటే లేని తక్కువ అంకె చూపిస్తుంది. డోసు మార్చిన వారాల్లో, ముఖ్యంగా రాత్రుళ్లు, దానికి సాటి లేదు. ఎప్పుడూ పెట్టుకోవడం మాకు అనవసరమనిపించింది. తక్కువ చూపిస్తే చెవి చుక్కతో సరిచూసుకున్నాకే నమ్ముతాను.

నోటి మందుల సంగతీ చెప్పాలి. బెక్సాగ్లిఫ్లోజిన్ మాత్రకు 2022 డిసెంబరులో, వెలాగ్లిఫ్లోజిన్ ద్రవానికి 2023 ఆగస్టులో అమెరికాలో పిల్లుల కోసం అనుమతి వచ్చింది. సూది అక్కర్లేదని తెలిసి నేను ఆశపడ్డాను. ఇంతకుముందు ఇన్సులిన్ వాడిన పిల్లికి ఇవి తగవని, పైగా షుగరు మామూలుగా కనిపిస్తూనే కీటోన్లు పెరిగే ప్రమాదం ఉందని డాక్టరు గారు వద్దన్నారు. ఒకసారి ఊదారంగు స్ట్రిప్పు చూసినదాన్ని, వాదించలేదు.

డోసు ఎంత పెంచినా చాలకపోతే అడగవలసిన ప్రశ్న ఇంకొకటి ఉంది. మెదడు కింది పిట్యూటరీ గ్రంథిలో గడ్డ వచ్చి పెరుగుదల హార్మోను ఎక్కువైతే ఇన్సులిన్ పనిచేయదు. బ్రిటన్‌లో వెయ్యికి పైగా మధుమేహపు పిల్లులను పరీక్షించి 2015లో ప్రచురించిన అధ్యయనం దాదాపు నాలుగో వంతు పిల్లులకు అదే మూలమని అంచనా వేసింది. ఐజీఎఫ్-1 అనే రక్తపరీక్షతో అనుమానం తీరుతుంది. మబ్బుకు చేయించాం, లేదు. థైరాయిడ్ కూడా చూశారు, బాగుంది. దురదకో దగ్గుకో ఇచ్చే స్టెరాయిడ్లు కూడా షుగరును ఎగదోస్తాయి. కొత్త డాక్టరు ఏ మందు రాసినా మధుమేహం మాట ముందు చెప్పండి.

పోయిన నెల వాడి అంకెలు మళ్లీ పెరిగాయి. 160లో ఉండేవి వారం పాటు 240 దాటాయి. నా చేయి సిరంజి గీత మీద రెండు దగ్గర ఆగి, వెనక్కి వచ్చింది. నోరు తెరిచి చూశాను, బాగానే ఉంది. తింటున్నాడు. లిట్టరు పెట్టెకు మాత్రం మాటిమాటికీ వెళ్లి కొద్దికొద్దిగా పోస్తున్నాడు. మూత్రం కల్చరు చేయిస్తే సూక్ష్మజీవులు దొరికాయి. యాంటీబయోటిక్ మొదలుపెట్టిన ఆరో రోజుకు అంకెలు దిగడం మొదలైంది. నిన్న రాత్రి 148. డోసు ఒకటిన్నర దగ్గరే ఉంది.