మందులకు లొంగని బ్యాక్టీరియాను ఎదుర్కోవడానికి ఏది మేలు: కొత్త యాంటీబయాటిక్‌లా, ఫాజ్ చికిత్సా?

మందులకు లొంగని ఇన్ఫెక్షన్ల గురించి రాసిన ప్రతిసారీ పాఠకులు దాదాపు ఒకే ప్రశ్న అడుగుతున్నారు. కొత్త యాంటీబయాటిక్‌ల కోసం ఏళ్ల తరబడి శ్రమించే బదులు, బ్యాక్టీరియాను వేటాడే వైరస్‌లైన ఫాజ్‌లనే నేరుగా చికిత్సకు వాడవచ్చు కదా అని. ఇలాంటి ఇన్ఫెక్షన్లు 2019లో ఒక్క ఏడాదిలోనే 12.7 లక్షల మరణాలకు నేరుగా కారణమయ్యాయని అంచనా వేశారు కాబట్టి, ఈ ప్రశ్నను తేలికగా తీసుకోలేము.

చంపగల శక్తి రెండింటికీ ఉంది. నా దృష్టిలో తూకాన్ని తేల్చేది వ్యవధి, అంటే రోగి ఒంట్లో ఉన్నది ఏ బ్యాక్టీరియానో తెలియకముందే మొదలుపెట్టగల చికిత్స ఏదన్నది. సెప్సిస్ (ఇన్ఫెక్షన్ వల్ల అవయవాలు దెబ్బతినే స్థితి) ముదిరి రక్తపోటు పడిపోతున్న రోగికి యాంటీబయాటిక్ మొదటి మోతాదు గంటలోపే అందాలని వైద్య మార్గదర్శకాలు చెబుతాయి. రక్తాన్ని కల్చర్‌కు, అంటే బ్యాక్టీరియాను పెంచి చూసే పరీక్షకు పంపితే బ్యాక్టీరియా పేరు తెలియడానికి సాధారణంగా ఒకటి రెండు రోజులు, అది ఏ మందుకు లొంగుతుందో తేలడానికి మరికొంత సమయం పడుతుంది. ఈలోగా వైద్యుడు ఊహించి ఇవ్వగలిగినది అనేక జాతుల మీద పనిచేసే యాంటీబయాటిక్ మాత్రమే.

ఫాజ్‌కు ఆ వెసులుబాటు లేదు. అది సాధారణంగా ఒక జాతిలోని కొన్ని రకాలకే అతుక్కుంటుంది. క్లెబ్సియెల్లా మీద పనిచేసే ఫాజ్‌లలో చాలావాటికి ఆ బ్యాక్టీరియా పైపొర కాస్త మారినా పట్టు దొరకదు. అందువల్ల రోగి నుంచి తీసిన బ్యాక్టీరియాను పెంచి, దాని మీద ఒక్కొక్క ఫాజ్‌నూ పరీక్షించి, సరిపోయినదాన్ని వృద్ధి చేసి, విషపదార్థాలు లేకుండా శుద్ధి చేసిన తరువాతే నరంలోకి ఎక్కించాలి. అమెరికాకు చెందిన ఆచార్యుడు టామ్ ప్యాటర్సన్ 2015 చివర్లో ఈజిప్టు పర్యటనలో జబ్బుపడి అసినెటోబ్యాక్టర్ అనే బ్యాక్టీరియా ఇన్ఫెక్షన్‌తో కోమాలోకి వెళ్లగా, 2016 మార్చిలో మొదలుపెట్టిన ఫాజ్ చికిత్సతో కోలుకున్నారు. ఈ ఉదంతాన్ని ఫాజ్‌ల విజయంగా చెప్పుకోవడం న్యాయమే. అయితే చికిత్స మధ్యలో బ్యాక్టీరియా తొలి ఫాజ్‌లకు లొంగకుండా పోవడంతో మరో ఫాజ్‌ను వెతకవలసి వచ్చిందని, అన్ని నెలలూ ఆయనను ఇంటెన్సివ్ కేర్ నిలబెట్టిందని కూడా గుర్తుంచుకోవాలి. అంత గడువు అందరు రోగులకూ దొరకదు.

యాంటీబయాటిక్‌ల వైపు ఇటీవలి ఏళ్లలో వచ్చినవి చిన్న మార్పులేనని కొందరు పెదవి విరుస్తారు; నేను అంగీకరించను. 2015లో అమెరికాలో అనుమతి పొందిన సెఫ్టాజిడైమ్-అవిబాక్టమ్ అనే జంట మందు, యాంటీబయాటిక్‌ను ముక్కలు చేసే బ్యాక్టీరియా ఎంజైములలో చాలావాటిని అడ్డుకున్నా, వాటిలో ఒకటైన ఎన్‌డీఎమ్ ముందు నిలవలేకపోయింది. ఎన్‌డీఎమ్ ఛేదించలేని అజ్‌ట్రియోనామ్ అనే యాంటీబయాటిక్‌ను, దానికి ముప్పు తెచ్చే మిగతా ఎంజైములను ఆపే అవిబాక్టమ్‌తో జతచేసి ఆ లోటు పూడ్చారు. ఈ జతకు 2024లో ఐరోపాలో అనుమతి లభించింది. సెఫిడెరొకాల్ అనే మరో యాంటీబయాటిక్ దారి ఇంకా ఆసక్తికరం. బ్యాక్టీరియా బతకడానికి ఇనుము తప్పనిసరి కాబట్టి, ఈ మందు ఇనుమును తగిలించుకుని, ఇనుము లోపలికి వెళ్లే ద్వారం గుండానే కణంలోకి చేరుతుంది.

ఫాజ్‌లు నిజంగా ముందున్నది మరోచోట. ఓఎమ్‌కేఓ1 అనే ఫాజ్, సూడోమొనాస్ బ్యాక్టీరియా తనలోకి వచ్చిన మందును బయటికి తోసే పంపులోని ప్రొటీన్‌ను పట్టుకుంటుంది. ఫాజ్‌ను తప్పించుకోవాలంటే బ్యాక్టీరియా ఆ పంపును మార్చుకోవాలి, మార్చుకుంటే పాత యాంటీబయాటిక్‌లకు మళ్లీ లొంగుతుంది. శత్రువు తప్పించుకునే దారినే ముందుగా ఎంచి పెట్టే ఈ ఉపాయం యాంటీబయాటిక్‌లలో అరుదు. ఊపిరితిత్తుల్లోనో, కృత్రిమ కీళ్ల మీదో నెలల తరబడి తిష్ఠవేసిన ఇన్ఫెక్షన్లలో వెతకడానికి గడువూ ఉంటుంది. ఊపిరితిత్తుల మార్పిడి తరువాత మైకోబ్యాక్టీరియం అబ్సెసస్ అనే బ్యాక్టీరియా సోకిన బ్రిటన్ బాలికకు మూడు ఫాజ్‌లు ఇవ్వగా ఆమె పరిస్థితి మెరుగుపడిందని 2019లో ప్రచురించారు. ఆ మూడింటిలో రెండు జన్యుమార్పిడి చేసినవి. అదే ఏడాది వెలువడిన ఫాగోబర్న్ పరీక్షలో మాత్రం 27 మంది కాలిన గాయాల రోగులలో ఫాజ్‌లు మామూలు పూతమందు కన్నా వెనుకబడ్డాయి. నిల్వలో ఫాజ్‌ల సంఖ్య తగ్గి, అనుకున్న మోతాదులో అతిస్వల్ప భాగమే రోగులకు చేరింది కాబట్టి, ఆ ఫలితంతో ఫాజ్‌లు పనిచేయవని తేల్చలేము.

మిగతా మార్గాల గురించి క్లుప్తంగా చెబుతాను. ఫాజ్‌ల నుంచి తీసుకున్న ఎంజైమైన ఎక్సెబకేస్ మీద జరిగిన తుదిదశ పరీక్ష ప్రయోజనం కనిపించక 2022లో ఆగింది. యాంటీబాడీలు ఇప్పటికి కొన్ని జబ్బులకే పరిమితం. టీకాలు ఎంతో విలువైనవే అయినా అవి నివారణకు సంబంధించినవి.

కనుక గంటలు లెక్కపెట్టే రోగికి నా ఎంపిక కొత్త యాంటీబయాటిక్, తిష్ఠవేసిన ఇన్ఫెక్షన్‌కు యాంటీబయాటిక్‌తో జతగా ఫాజ్. నా ఎంపికకు ఉన్న అసలు బలహీనత రసాయనంలో కన్నా ఆదాయంలో ఉంది. ప్లాజోమైసిన్ అనే యాంటీబయాటిక్‌కు 2018లో అనుమతి తెచ్చుకున్న అకాయోజెన్ సంస్థ 2019లో దివాలా తీసింది, ఎందుకంటే ఆఖరి అస్త్రంగా దాచి ఉంచవలసిన మందు ఎక్కువగా అమ్ముడుపోదు. అమ్మకాలతో నిమిత్తం లేకుండా సంస్థకు ఏటా స్థిరమైన సొమ్ము చెల్లించే పద్ధతిని బ్రిటన్ 2022లో సెఫిడెరొకాల్, సెఫ్టాజిడైమ్-అవిబాక్టమ్‌లకు అమలు చేసింది. మరిన్ని దేశాలు ఆ బాట పట్టకపోతే పై వాదనలో నేను యాంటీబయాటిక్‌లకు ఇచ్చిన మొగ్గు ఎక్కువకాలం నిలవదు.